సవరణ: 2-ఇథైల్ పెంటేన్ అనే పేరే లేదు

కొమ్మలున్న ఆల్కేన్లకు (ఒంటి బంధాలే ఉన్న కార్బన్-హైడ్రోజన్ గొలుసులకు) పేర్లు పెట్టడం గురించి మొన్న రాసిన పాఠంలో రెండు తప్పులు దొర్లాయి. మొదటిది బొబ్బిలి నుంచి ఒక ఇంటర్ అమ్మాయి పట్టుకుంది. "మాస్టారూ, గొలుసు పూర్తిగా లెక్కపెట్టారా?" అని అడిగింది. లేదమ్మా, పెట్టలేదు.

అడ్డంగా కనిపించిన ఐదు కార్బన్లే అసలు గొలుసనుకొని, కిందికి వేలాడుతున్న రెండు కార్బన్లనీ ఇథైల్ కొమ్మ అని, 2-ఇథైల్ పెంటేన్ అని పేరు పెట్టాను. అసలు గొలుసంటే అన్నిటికంటే పొడవైనది. అటు తిరిగి లెక్కపెడితే ఆరొస్తాయి, విడిగా మిగిలేది ఒక్క మిథైలే (ఒకే కార్బన్ కొమ్మ). సరైన పేరు 3-మిథైల్ హెక్సేన్. వంపు తిరిగినంత మాత్రాన నాగావళి నాగావళి కాకుండా పోతుందా? ఆల్కేన్‌లో రెండో కార్బన్ మీద ఇథైల్ అని ఎవరు రాసినా, ఇక చూడక్కర్లేదు, పేరు తప్పే.

రెండోది నేనే చూసుకున్నాను. ఇది ఇంకా సిగ్గుచేటు. "స్థానాల మొత్తం ఎటు నుంచి తక్కువొస్తే అటు నుంచి నంబర్లు వేయాలి" అని రాశాను, అంటే కొమ్మలున్న కార్బన్ల నంబర్లు కూడి చూడమని. విజయనగరంలో గంటస్తంభం దగ్గర ట్యూషన్‌కి వెళ్లే రోజుల్లో బట్టీపట్టిన చిట్కా అది. చాలాసార్లు సరైన జవాబే ఇస్తుంది, అందుకే ఇన్నాళ్లూ బతికింది. ఐయూపీఏసీ (రసాయనాల పేర్లకు నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) నియమంలో కూడికే లేదు. రెండు కొసల నుంచీ వచ్చే అంకెల వరుసల్ని పక్కపక్కన పెట్టి, మొదటి తేడా దగ్గర చిన్న అంకె ఉన్నదాన్ని తీసుకోవాలి. పది కార్బన్ల గొలుసు మీద మూడు మిథైళ్లు ఒకవైపు నుంచి 2,7,8 అనుకోండి. రెండోవైపు నుంచి 3,4,9. మొత్తాలు 17, 16. చిట్కా రెండోదాన్ని పట్టుకుంటుంది. కానీ మొదటి అంకె దగ్గరే 3 కంటే 2 చిన్నది, కాబట్టి సరైనది 2,7,8-ట్రైమిథైల్ డెకేన్.

కొమ్మల పేర్లను ఇంగ్లిష్ అక్షరక్రమంలో రాయడం గురించి ఆ పాఠంలో చెప్పినదాంట్లో మార్పు లేదు. పాఠం ప్రింటు తీసుకున్నవాళ్లు ఈ రెండు చోట్లా కొట్టేసి దిద్దుకోండి.