ఏడు సున్నాలు

మొన్న మన అసోసియేషన్ పిక్నిక్‌లో పులిహోర పెట్టించుకుంటుంటే వెనక నుంచి ఒకాయన, "ఇంకా ఎన్నాళ్ళండీ ఈ చాకిరీ? కృష్ణా రామా అనుకోక!" అన్నారు. నాకు 66. ఇంకా మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల మీద, కోబాల్ అనే పాతకాలపు భాషలో ప్రోగ్రాములు రాస్తున్నాను. ఆయన ప్రేమగానే అన్నారు. కానీ ఈ మాట అడిగేవాళ్ళకి మనసులో రెండే అనుమానాలుంటాయి. నాకు డబ్బాశ, లేదా పిల్లలు చూడట్లేదు.

మూడోది మనం పైకి మాట్లాడుకోం. నేను వై2కె (2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తప్పుతాయన్న గొడవ) పుణ్యమా అని 1998లో, 38 ఏళ్ళకి అమెరికా వచ్చాను. ఇక్కడి ప్రభుత్వ పెన్షన్ ఇచ్చే సోషల్ సెక్యూరిటీ వాళ్ళు మన సంపాదన బాగున్న 35 ఏళ్ళు తీసుకుని, సగటు కట్టి పెన్షన్ లెక్కేస్తారు. నాకు ఇక్కడ ఉన్నవే 28. మిగతా ఏడూ సున్నాలు. హైదరాబాద్‌లో చేసిన ఉద్యోగం లెక్కలోకి రాదు, ఆ విషయంలో రెండు దేశాలకీ ఒప్పందం లేదు. ఇక్కడే పుట్టి 22కి ఉద్యోగంలో చేరిన నా పక్క సీటాయనకి 57కే 35 నిండాయి. నాకు నిండాలంటే 73 రావాలి. నేను పనిచేసే ప్రతి ఏడాదీ ఒక సున్నాని కొట్టేస్తుంది. పైగా పెన్షన్ తీసుకోవడం 67 నుంచి 70 దాకా ఆపితే ఏడాదికి 8 శాతం పెరుగుతుంది.

అయినా రిటైర్మెంట్ వయసేమైనా శాస్త్రంలో రాసుందా? 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకి 58 నుంచి 55కి తగ్గించారు. ఇప్పుడు అక్కడ 62, తెలంగాణలో 61.

డబ్బొక్కటే కాదు లెండి. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ రోజుల్లో, నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తితే, ఆ పాత సిస్టమ్‌లు నడపడానికి కోబాల్ తెలిసినవాళ్ళు కావాలని న్యూజెర్సీ గవర్నరే అడిగారు. "మిమ్మల్నే పిలుస్తున్నారు" అంది మా ఆవిడ. పోయిన నెల రాత్రి రెండింటికి మా బ్యాచ్ జాబ్ (రాత్రిళ్ళు దానంతటదే నడిచే ప్రోగ్రాము) సాక్ సెవెన్ అనే ఎర్రర్‌తో మధ్యలో ఆగిపోయింది. మా టీమ్‌లో కుర్రాడు గంటసేపు వెతికి, మొహమాటపడుతూ ఫోన్ చేశాడు. ఆగిన క్షణంలో మెమరీలో ఏముందో చూపించే డంప్ చూస్తే, అంకెలుండాల్సిన చోట ఖాళీలు. నాకు తెలివెక్కువై కాదు, 2003లోనూ అదే ఫైలు అలాగే వచ్చింది.

అలాగని కుర్చీ పట్టుకుని వేలాడటం నాకు నచ్చదు. లీడ్ పని మూడేళ్ళ కిందటే ఆ కుర్రాడికి అప్పజెప్పి, వారానికి మూడు రోజులకి దిగాను. గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర పన్నెండు గంటలు నిలబడే మనవాళ్ళకి నా మాటలు వర్తించవు. వాళ్ళకి ఎప్పుడు ఆపాలో మోకాళ్ళే చెప్తాయి. ("ఇంక ఇంట్లో ఉండండి నాన్నా" అనే పిల్లల ప్రేమలో మనవల డేకేర్ ఫీజు ఎంతుందో కూడా ఒకసారి చూసుకోండి.)

కమిటీ వారికి ఒక్క మాట. ఉగాది సంబరాల్లో చీరల స్టాళ్ళ పక్కనే ఒక బల్ల వెయ్యండి. వై2కె బ్యాచ్ వాళ్ళు ఎవరి సోషల్ సెక్యూరిటీ స్టేట్‌మెంట్ వాళ్ళు తెచ్చుకుంటారు. సున్నాలు లెక్కపెట్టి పెట్టడానికి నేను కూర్చుంటాను.