ఆదరించే చేతులకు అడ్డుగోడలు

వీధిలో పుట్టి దిక్కులేక తిరుగుతున్న కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకుని సాకుతామని ముందుకొచ్చేవారు ఈ రోజు సమాజానికి ఎంతో అవసరం. ప్రభుత్వ యంత్రాంగమూ, న్యాయస్థానాలూ ఆ మాటే చెబుతున్నాయి. జీహెచ్‌ఎంసీ 2025 ఆగస్టు 17న బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో వీధి కుక్కపిల్లల దత్తత మేళా నిర్వహించింది. జంతు ప్రేమికులు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసుకుని వీధి కుక్కలను దత్తత తీసుకోవచ్చని, అవి మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత వారిదేనని అదే నెల 22న సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం స్పష్టం చేసింది. పిలుపు ఇంత బలంగా వినిపిస్తున్నా, దానికి స్పందించి, దిక్కులేని జంతువులను కాపాడి షెల్టర్లలో ఉంచే రెస్క్యూ సంస్థల తలుపు తట్టినవారిలో చాలామంది మాత్రం దరఖాస్తు ఫారం దగ్గరే ఆగిపోతున్నారు.

ఆ ఫారాన్ని ఒకసారి చదివితే వారి నిస్పృహ అర్థమవుతుంది. సొంత ఇల్లా, అద్దె ఇల్లా? అద్దె ఇల్లయితే యజమాని సంతకం చేసిన అనుమతి పత్రం ఉందా? పెళ్లయిందా, పిల్లల్ని కనే ఆలోచన ఉందా? భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి వెళితే ఇంటికి ఎన్ని గంటలు తాళం పడుతుంది? విదేశాలకు వెళ్లే ఉద్దేశం ఉందా? ఇంతకుముందు పెంచిన కుక్క ఎలా చనిపోయింది? వీటికి తోడు ఆధార్ ప్రతి, ఇల్లంతా చూపే వీడియో, పిల్లినైతే కిటికీలకూ బాల్కనీకీ వల, ఆపై ఇంటికి వచ్చి పరిశీలన, ఇచ్చాక నెలనెలా ఫొటోలు. బ్యాచిలర్లకు, విద్యార్థులకు, పీజీ హాస్టళ్లలో ఉండేవారికి, అరవై దాటినవారికి ఇచ్చేదే లేదని కొందరు ముందే ప్రకటిస్తారు. అన్నిటికీ ఓపిగ్గా జవాబులు రాసి పంపాక అవుననీ కాదనీ కబురు రాకపోతే, ఆ మనిషి మనసు ఎంత చిన్నబుచ్చుకుంటుందో చెప్పనక్కర్లేదు.

అలాగని ఈ నిబంధనలు రాసినవారి ఉద్దేశాన్ని శంకించలేం. ప్రతి నిబంధన వెనుకా వారి కళ్లముందు జరిగిన ఒక అన్యాయం ఉంటుంది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో ముచ్చటపడి తెచ్చుకున్న కుక్కలను ఆఫీసులు తెరవగానే వదిలించుకున్నవారున్నారు. అమెరికా ప్రయాణం ఖాయమైన వారంలోనే లాబ్రడార్‌నో హస్కీనో షెల్టర్ గేటుకు కట్టేసి వెళ్లినవారున్నారు. ఇంట్లో పెంచుకుంటామని తీసుకెళ్లి, కడుతున్న భవనం దగ్గర కాపలాకు గొలుసుతో కట్టిపడేసినవారూ, ఎండ మండే డాబా మీద వదిలేసినవారూ ఉన్నారు. ఆడ కుక్కపిల్ల అయితే ఎదకు వచ్చిన నాడు వీధిలోకి తోసేస్తారన్న భయం వేరే. ఇలా చేసినవారిని శిక్షించడానికి మనకున్న ప్రధాన ఆయుధం 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం. పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం ఆ చట్టం ప్రకారం నేరమే. కానీ మొదటిసారి తప్పు చేస్తే పడే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు మాత్రమే. సవరణ బిల్లు ముసాయిదాను 2022లో ప్రజాభిప్రాయం కోసం వెలువరించినా అది చట్టరూపం దాల్చలేదు. చట్టం ఇంత బలహీనంగా ఉన్నప్పుడు, సొంత డబ్బు ఖర్చుపెట్టి ప్రాణం నిలిపిన మనిషి ఆ ప్రాణాన్ని మరొకరి చేతిలో పెట్టేముందు పదిసార్లు ఆలోచించడంలో ఆశ్చర్యం లేదు.

ఆ జాగ్రత్త ఎక్కడ హద్దు దాటుతోందన్నదే మా బాధ. కాదనిపించుకున్న కుటుంబం కుక్కను పెంచుకోవాలన్న కోరిక మానుకోదు. ఆన్‌లైన్ ప్రకటన చూసి ఫోన్ చేస్తే, కుక్కపిల్లలను పుట్టించి అమ్ముకునే బ్రీడర్ ఒక్క ప్రశ్నా అడగడు. ఫోన్‌లో డబ్బు పంపిన పూటే అట్టపెట్టెలో పెట్టి పిల్లను తెచ్చి ఇస్తాడు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని, బ్రీడర్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు చేసుకోవాలని 2017 నాటి నిబంధనలు చెబుతున్నా వాటిని అడిగే నాథుడు లేడు. కళ్లు సరిగా తెరవని పిల్లలు టీకాలు లేకుండా చేతులు మారుతున్నాయి. షెల్టర్‌లో తిరస్కారం ఎదురైన ప్రతి సందర్భంలోనూ ఈ వ్యాపారానికి ఒక కొత్త కొనుగోలుదారు దొరికే అవకాశం ఉంది.

ఇక షెల్టర్‌లో ఉండిపోయిన పిల్ల సంగతి. కుక్కపిల్ల మనుషులకూ, శబ్దాలకూ, కొత్త చోట్లకూ అలవాటు పడే కీలకమైన వయసు సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా మాత్రమే. ఆ వారాలన్నీ సిమెంటు గచ్చు మీద, ఫినాయిల్ వాసన మధ్య, పక్క బోనుల్లోని అరుపులు వింటూ గడిచిపోతే, ఆ తర్వాత ఎంత మంచి ఇల్లు దొరికినా అది మూలన నక్కి వణుకుతుంది. కుక్కపిల్లల ప్రాణాలు తీసే అంటువ్యాధి పార్వో వైరస్ ఒక్క పిల్లకు సోకితే చాలు, టీకాలు పూర్తికాని మిగతావాటి ప్రాణాలూ ప్రమాదంలో పడతాయి. మచ్చలేని ఇల్లు దొరికేదాకా ఆగుదామనుకోవడం వల్ల నష్టపోతున్నది ఆ పిల్లే. ఖాళీ కాని బోను వల్ల, రోడ్డు మీద బండి గుద్ది కాలు విరిగిన మరో కుక్కకు చోటుండదు.

అన్నిటికన్నా ఇబ్బంది కలిగించే అంశం, ఈ వడపోతలో ఎవరు మిగులుతున్నారన్నది. పెళ్లయి, సొంత ఫ్లాటు ఉండి, ఇంగ్లీషులో ఉన్న ఫారాన్ని నింపగలిగిన కుటుంబమే అర్హత పొందుతోంది. ఎప్పుడూ ఎవరో ఒకరు ఇంటిపట్టునే ఉండే బస్తీ ఇల్లు ఈ లెక్కలోకే రాదు. నిజానికి మన ఊరకుక్క తరతరాలుగా బతికింది అలాంటి ఇళ్ల అరుగుల మీదే. వండిన అన్నంలో దాని ముద్ద తీసిపెట్టి, జ్వరమొస్తే రిక్షాలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లే ఇల్లాలు యజమాని అనుమతి పత్రం ఎక్కడ తెస్తుంది? మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో పనిచేసే యువతలో అద్దె ఇళ్లలో ఉండేవారే ఎక్కువ. పెంపుడు జంతువులను పూర్తిగా నిషేధించే అధికారం అపార్ట్‌మెంట్ సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. బోర్డు కాదన్న నిషేధాన్నే రెస్క్యూ సంస్థలు తమ గడప దగ్గర అమలు చేయడం విచారకరం. వయసు నిబంధన మరీ కఠినం. పిల్లలు దూరదేశాల్లో స్థిరపడి, ఇద్దరే మిగిలిన రిటైరైన దంపతులకు అల్లరి పిల్ల బరువు కావచ్చు గానీ, ఎవరూ అడగని ఏడేళ్ల నెమ్మది కుక్కకు వారికన్నా తోడు ఎవరు దొరుకుతారు?

అన్నీ ఎత్తేయమని మేం అనడం లేదు. టీకాలు, ఆరో నెల దాటాక సంతాన నిరోధక శస్త్రచికిత్స, గొలుసుతో రోజంతా కట్టేయబోమన్న హామీ, పెంచలేని పరిస్థితి వస్తే తిరిగి సంస్థకే అప్పగించాలన్న షరతు. వీటిలో దేన్నీ వదులుకోకూడదు. కుటుంబంలో అందరికీ ఇష్టమేనా అని అడగడమూ సబబే. పెళ్లి, సొంతిల్లు, వయసు, జీతం మాత్రం మనిషిలోని దయకు కొలతలు కావు. అమెరికాలో అనేక షెల్టర్లు ఇలాంటి ప్రశ్నల జాబితాలను పక్కనపెట్టి, వచ్చినవారితో ఎదురుగా కూర్చుని మాట్లాడి, వారి ఇంటికి సరిపోయే జంతువును చూపించే పద్ధతికి మారాయి. మన సంస్థలూ ఆ బాట పట్టవచ్చు. అనుమానం ఉన్నచోట రెండు వారాలు పెంచి చూడమని తాత్కాలికంగా అప్పగించి, ఈలోగా ఒకసారి వెళ్లి చూసి వస్తే ఫారంలోని ముప్ఫై ప్రశ్నలు చెప్పని సంగతి తెలుస్తుంది. ఇవ్వడం కుదరదనుకుంటే కారణం చెప్పి, మరొక చోటు సూచించడం కనీస మర్యాద.

ఈ భారాన్ని కార్యకర్తల నెత్తిన వదిలేసిన ప్రభుత్వాలది ఇంకా పెద్ద తప్పు. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కలు 1.53 కోట్లు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడిని కుక్కలు పొట్టనపెట్టుకున్నప్పుడు రాష్ట్రమంతా కలవరపడింది. టీకాలు, శస్త్రచికిత్స పూర్తయి ఒక ఇంటి నీడకు చేరిన ప్రతి కుక్కతోనూ వీధిలో ఆ ప్రమాదం కొంత తగ్గుతుంది కాబట్టి, దత్తతను ప్రజా భద్రతలో భాగంగానే చూడాలి. ఏడాదికొక మేళాతో సరిపెట్టకుండా రెండు తెలుగు రాష్ట్రాల పురపాలక సంస్థలూ శాశ్వత దత్తత కేంద్రాలు తెరవాలి. తెలుగులో ఒక పేజీకి మించని దరఖాస్తు ఉండాలి. దత్తత ఇచ్చే రోజునే కుక్క చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్ వేసి, పెంపకందారు పేరిట నమోదు చేయాలి. వదిలేసినవారిని చిప్ ద్వారా గుర్తించవచ్చన్న భరోసా ఉంటే, ముందే ఇన్ని ఆరాలు తీయాల్సిన అవసరం రెస్క్యూ సంస్థలకు ఉండదు. శస్త్రచికిత్స ఏ కేంద్రంలో, ఏ తేదీన ఉచితంగా చేస్తారో దత్తత పత్రం మీదే రాసి ఇవ్వాలి. 50 రూపాయల జరిమానాను సవరించే బిల్లును వెంటనే పార్లమెంటు ముందుకు తేవాలని తెలుగు రాష్ట్రాల ఎంపీలు కేంద్రాన్ని నిలదీయాలి.