జ్ఞానతండ్రి గారి కూలి లెక్క

బ్రిటన్‌లో కూలీల మీద అజమాయిషీ చేసే పెద్దమనిషిని పనివాళ్లు ‘గాఫర్’ అంటారు. ఈ మాట పుట్టుక తెలిస్తే ఆ పదవి మీద భక్తి కలగక మానదు. బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు పక్కన నిలబడి మంచిచెడ్డలకు పూచీపడే జ్ఞానతండ్రిని ఇంగ్లీషులో ‘గాడ్‌ఫాదర్’ అంటారు కదా. అదే పల్లెజనం నోళ్లలో అరిగి, 16వ శతాబ్దం నాటికి ‘గాఫర్’ అయిందని నిఘంటుకారుల అభిప్రాయం. మొదట్లో అది ఊరి ముసలాయనను మర్యాదగా పిలిచే పిలుపు. 19వ శతాబ్దంలో కూలీల పెద్దకు కూడా అంటుకుంది.

దీనిని దిగజారుడు అనేవారు తొందరపడుతున్నారు. జ్ఞానతండ్రి బిడ్డ ఆత్మకు పూచీ, గాఫర్ కాంట్రాక్టరు లాభానికి పూచీ. ఏదైనా పూచీ పూచీయే. 1840లలో రైలుమార్గాలు తవ్విన ‘నావీ’ కూలీలనే చూడండి. అక్కడ ముఠా నడిపేవాడిని గ్యాంగర్ అనేవారు గానీ వాత్సల్యంలో లోటు లేదు. కూలి డబ్బులు చాలాచోట్ల నెలకొకసారి, అదీ సారాయి అంగడిలోనే పంచేవారు. ఈలోగా కడుపు మాడకుండా చీటీలు ఇచ్చేవారు. ఆ చీటీ కాంట్రాక్టరు మనుషులే నడిపే ‘టామీ షాపు’ అనే సరుకుల అంగడిలో మాత్రమే చెల్లేది, అక్కడ సరుకు నాసిగానూ ధర ఘనంగానూ ఉండేది. కూలికి బదులు సరుకు అంటగట్టరాదని 1831లోనే ట్రక్ చట్టం వచ్చినా రైలు కూలీలు దాని పరిధిలోకి రాలేదు. 1846లో పార్లమెంటు కమిటీ వేసి, సాక్ష్యాలు విని, నివేదిక తీసుకుని, ఊరుకుంది. తండ్రీబిడ్డల నడుమ ప్రభుత్వం తలదూర్చడం మర్యాద కాదు మరి.

ఈ విషయంలో మనం తీసిపోలేదు. మన ‘మేస్త్రి’ పోర్చుగీసు ‘మెస్త్రె’ నుంచి వచ్చినవాడు, అంటే సాక్షాత్తు గురువు. బ్రిటిషు ఏలుబడిలో మన కోస్తా నుంచి రంగూన్‌కు కూలీలను ఓడ ఎక్కించిన మేస్త్రీలు ముందుగా బయానా ఇచ్చి, తరువాత దానిని కూలిలో కోసుకునేవారు. గురుదక్షిణ ముట్టనిదే విద్య అబ్బదని వారి నమ్మకం కాబోలు.

అయితే ఒక్కచోట ఈ పదవికి అన్యాయం జరుగుతున్నది. బ్రిటన్‌లో ఫుట్‌బాల్ జట్టు మేనేజరును కూడా ఆటగాళ్లు ‘గాఫర్’ అనే పిలుస్తారు. వరసగా నాలుగు ఆటలు ఓడితే ఆటగాళ్ల జీతాలకు ఢోకా ఉండదు, ఊడేది గాఫర్ గారి ఉద్యోగం. పని చెడినప్పుడు పెద్దాయనను ఇంటికి పంపే ఈ దురాచారం ఇళ్లు, వంతెనలు కట్టే చోట్లకు పాకకుండా కాంట్రాక్టర్లు ఇప్పటినుంచే జాగ్రత్త పడాలి.