బెట్‌కి దొరికిన జ్యూరీ

థియడోర్ సెడ్జ్‌విక్ అమెరికా తొలి కాంగ్రెస్‌లోనే సభ్యుడు, తర్వాత సెనేటర్, 1799 నుంచి 1801 వరకు ప్రతినిధుల సభ స్పీకర్, చివరికి మసాచుసెట్స్ రాష్ట్రంలో జడ్జి. ఇన్ని పదవులు చేసినా ఈరోజు ఆయన పేరు వినిపిస్తున్నదంటే కారణం బెట్ అనే ఒక బానిస స్త్రీ.

ఆ రాష్ట్రంలోని షెఫీల్డ్ ఊళ్లో జాన్ ఆష్లీ అనే పెద్దమనిషి ఇంట్లో ఆమె చాకిరీ చేసేది. 1773లో అదే ఇంట్లో కొందరు కూర్చుని, మనుషులు సహజంగా సమానులు, స్వతంత్రులు అంటూ బ్రిటిష్ పాలన మీద తీర్మానాలు రాశారు. రాసినవాళ్లలో ముఖ్యుడు సెడ్జ్‌విక్. ఆ ఇంట్లోనే ఒకసారి ఆష్లీ భార్య కాలుతున్న పార ఎత్తి కొట్టబోతే బెట్ చెయ్యి అడ్డం పెట్టింది, ఆ మచ్చ చివరిదాకా పోలేదు. 1780లో వచ్చిన రాష్ట్ర రాజ్యాంగం కూడా మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛ ఉన్నవాళ్లే, సమానులే అంది. అక్షరం ముక్క రాని బెట్ ఆ మాట విని నేరుగా సెడ్జ్‌విక్ దగ్గరికే వెళ్లి, మరి నా సంగతేంటి అని అడిగింది. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో!

1781 ఆగస్టులో గ్రేట్ బారింగ్టన్ కోర్టులో బ్రోమ్ అనే మరో బానిసను కూడా కలిపి ఆయన కేసు వాదించాడు. వీళ్లు ఆష్లీ ఆస్తి కాదని జ్యూరీ తేల్చింది, 30 షిల్లింగుల పరిహారం ఇప్పించింది. బెట్ ఆ తర్వాత ఎలిజబెత్ ఫ్రీమన్ అయింది.

చాలామంది కథ ఇక్కడే ఆపేస్తారు. నాకు మాత్రం అసలు బాధ ఇక్కడి నుంచే మొదలవుతుంది. పదేళ్లు తిరిగాక, 1791లో, పారిపోయిన బానిసల్ని యజమానులకు తిరిగి అప్పగించే బిల్లు తయారుచేసిన సభా కమిటీలో ఇదే సెడ్జ్‌విక్ ఉన్నాడు. ఆ బిల్లు ముందుకు సాగలేదు, కానీ 1793లో సెనేట్ నుంచి వచ్చిన బిల్లు 48-7 ఓట్లతో సభ దాటి చట్టమైంది. దాని ప్రకారం యజమాని మనిషిని పట్టుకుని ఒక మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టి నోటిమాటగా సాక్ష్యం చెప్తే చాలు, జ్యూరీ అక్కర్లేదు. అడ్డుపడినవాళ్లకు 500 డాలర్ల జరిమానా. బెట్‌ని విడిపించింది ఆ జ్యూరీయే కదా! అప్పగింత క్లాజు అప్పట్లో అమెరికా రాజ్యాంగంలోనే ఉండేది, దక్షిణాది రాష్ట్రాలు విడిపోకూడదన్న టెన్షన్ కూడా ఉండేది, ఒప్పుకుంటాను. కానీ పట్టుబడిన మనిషికి జ్యూరీ ముందు మాట్లాడే హక్కు ఎంత విలువైందో ఆ కమిటీలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? కోర్టులో ఆయన ముందు బెట్ ఉంది. కాంగ్రెస్‌లో ఆమెలాంటివాళ్లు ఎవరూ లేరు, వాళ్ల యజమానుల ప్రతినిధులే ఉన్నారు. ఆయన మారిపోయాడని నేననుకోను, వాదించమని అడిగేవాళ్లు మారారు.

కేసు గెలిచాక జీతం ఇస్తాను, తిరిగి రమ్మని ఆష్లీ పిలిచినా ఆమె వెళ్లలేదు. సెడ్జ్‌విక్ ఇంట్లో జీతానికి పనిచేసి, ఆయన పిల్లల్ని పెంచి, దాచుకున్న డబ్బుతో సొంత ఇల్లు కొనుక్కుంది. 1829లో చనిపోతే స్టాక్‌బ్రిడ్జ్‌లో సెడ్జ్‌విక్ కుటుంబ సమాధుల మధ్యే పూడ్చారు.