షెల్ ఎంట్రీలను తుడిచేయమంటున్న ఆ ఫార్వర్డ్ సంగతి

"మెనూలో షెల్ ఎందుకు? వెంటనే తీసేయండి" అన్న శీర్షికతో ఒక సందేశం లినక్స్ వాడే మిత్రుల గ్రూపులన్నింటిలోనూ తిరుగుతోంది. పంపినవారిలో చాలామంది దాన్ని చివరిదాకా చదివినట్టు లేరు. చదివి ఉంటే నాలుగో అంశం దగ్గరే చెయ్యి ఆగేది. మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు వాక్యాల్లో జవాబు రాసి ఊరుకున్నాను. ఆ జవాబు పైన కనబడుతుండగానే మరొక మిత్రుడు "అందరికీ ఉపయోగపడే సమాచారం" అంటూ దండం బొమ్మ జోడించి మళ్లీ దాన్నే పంపారు. అందుకని ఈసారి వివరంగా రాస్తున్నాను.

సందేశం చెప్పేది ఇదీ. ఫిష్ వంటి కమాండ్ లైన్ షెల్ (మనం టైపు చేసే ఆదేశాలను నడిపే ప్రోగ్రాం) ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తే అప్లికేషన్ మెనూలో దాని పేరుతో ఒక ఎంట్రీ వచ్చి చేరుతుంది, అది ఉండకూడదు అంటూ అయిదు అంశాలు చెబుతారు. ఒకటి, ఇలాంటి ఎంట్రీలు కంప్యూటర్‌ను నెమ్మది చేస్తాయి. రెండు, డెబియన్ అనే లినక్స్ పంపిణీ 2015లోనే మెనూ ఎంట్రీలను నిషేధించింది. మూడు, ఎంట్రీని నొక్కిన ఎవరికైనా రూట్ అధికారం, అంటే యంత్రం మొత్తం మీద అధికారం, దక్కే ప్రమాదం ఉంది. నాలుగు, కాబట్టి ఆ ఎంట్రీల ఫైళ్లను సూడోతో, అంటే రూట్ అధికారం తెచ్చుకుని, తుడిచేయాలి, ఇదిగో ఆదేశం. అయిదు, ఎంట్రీ పెట్టి తీరాలని ప్యాకేజీ నిర్వాహకులు పట్టుబడితే ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్‌ను (షెల్‌ను తెర మీద చూపించే విండో ప్రోగ్రాం) నేరుగా పిలిచేలా రాయాలి, ఎందుకంటే ఇప్పుడున్న పద్ధతి సగం డెస్క్‌టాప్‌లలో పనిచేయదు.

మొదటి అంశానికి ఒక్క వాక్యం చాలు. కొన్ని వందల బైట్ల టెక్స్ట్ ఫైలు వల్ల నెమ్మదించే కంప్యూటర్ ఎవరి దగ్గరైనా ఉంటే, వారి సమస్య మెనూలో లేదు.

రెండో అంశంలో సంవత్సరం ఒక్కటే సరిగ్గా ఉంది. 2015 సెప్టెంబరులో డెబియన్ సాంకేతిక కమిటీ మెనూల విషయంలో నిర్ణయం తీసుకున్న మాట వాస్తవమే. అయితే ఆ నిర్ణయం పక్కన పెట్టింది డెబియన్ సొంత పాత పద్ధతిని. ఆ పద్ధతిలో ప్రతి ప్యాకేజీ తన మెనూ ఫైలును వేరే ఫోల్డర్‌లో పెట్టేది. అప్‌డేట్ మెనూస్ అనే ప్రోగ్రాం వాటన్నింటినీ చదివి ఎఫ్‌వీడబ్ల్యూఎం, ఐస్‌డబ్ల్యూఎం వంటి ఒక్కొక్క విండో మేనేజర్‌కు దానికి అర్థమయ్యే రూపంలో మెనూ తయారు చేసేది. అందులో అప్లికేషన్స్ కింద షెల్స్ అనే విభాగమే ఉండేది, బ్యాష్, డ్యాష్‌లకు అక్కడ చోటుండేది. కమిటీ చెప్పింది ఏమిటంటే, వేర్వేరు డెస్క్‌టాప్‌లకు ఉమ్మడిగా ఉన్న ఫ్రీడెస్క్‌టాప్ ప్రమాణం ప్రకారం డెస్క్‌టాప్ ఫైలు (మెనూ ఎంట్రీని వర్ణించే చిన్న టెక్స్ట్ ఫైలు) ఇచ్చే ప్యాకేజీ దానితో పాటు పాత మెనూ ఫైలును కూడా మోసుకురాకూడదని. అంటే, ఇప్పుడు ఫిష్ ప్యాకేజీలో ఉన్న డెస్క్‌టాప్ ఫైలు ఏ రూపంలో ఉందో ఆ రూపాన్నే ఉంచమని చెప్పిన తీర్పును, దాన్నే నిషేధించిన తీర్పుగా ఈ సందేశం ప్రచారం చేస్తోంది. పాత ఫైళ్లు పోయినప్పుడు బ్యాష్ వంటి ప్యాకేజీలకు కొత్త రూపంలో ఎంట్రీ రాలేదు కాబట్టి, మెనూలోంచి షెల్‌లు మాయమైనట్టు కనిపించింది. దాన్ని చూసి నిషేధం అనుకున్నారేమో.

అసలు ఫ్రీడెస్క్‌టాప్ ప్రమాణం షెల్‌లను మరిచిపోలేదు. మెనూ వర్గాల జాబితాలో షెల్ అన్న వర్గం ఉంది. బ్యాష్, టీసీషెల్ వంటి అసలు షెల్‌కే గాని టెర్మినల్ ఎమ్యులేటర్‌కు కాదని పక్కనే వివరణ కూడా ఉంది. కాకపోతే అది రిజర్వుడు వర్గం: దాన్ని వాడిన ఎంట్రీ ఏయే డెస్క్‌టాప్‌లలో కనబడాలో ఓన్లీషోఇన్ అనే కీలో తప్పనిసరిగా చెప్పాలి. అన్ని డెస్క్‌టాప్‌లలోనూ కనబడాలనుకునే షెల్‌కు ఆ షరతు పనికిరాదు. అందుకే ఫిష్ ఎంట్రీ సిస్టమ్, కన్సోల్‌ఓన్లీ అనే రెండు వర్గాలతో సరిపెట్టుకుంటుంది. ఈ సూక్ష్మం తెలియకుండా షెల్ వర్గాన్ని రాసేసే నిర్వాహకులకు డెస్క్‌టాప్ ఫైల్ వ్యాలిడేట్ అనే పరికరం తప్పు చూపించి వెనక్కి పంపుతుంది. మెనూ ఎంట్రీల మీద నిజంగా విమర్శ రాయాలనుకునేవారికి ఇక్కడ బోలెడు సరుకుంది. ఈ సందేశం రాసినవారు ఇటువైపు తొంగి కూడా చూడలేదు.

మూడో అంశం భయపెట్టడానికి రాసినది. మెనూలోంచి తెరిచిన షెల్ ఆ మెనూను నొక్కిన మనిషి అధికారాలతోనే నడుస్తుంది. కంట్రోల్, ఆల్ట్, టీ నొక్కి తెరిచినా అంతే, మెనూలోంచి తెరిచినా అంతే. ఎంట్రీలో ఏ ఆదేశం నడపాలో చెప్పే ఎగ్జెక్ లైనులో సూడో గాని, అలాంటిదే అయిన పీకేఎగ్జెక్ గాని లేనంతవరకు రూట్ ప్రస్తావనే రాదు, ఒకవేళ ఉన్నా పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు వేరే ఉంటుంది. పది మంది వాడే ల్యాబ్ యంత్రంలో షెల్ అందుబాటులో ఉండకూడదనుకుంటే మెనూలో ఒక పేరు తీసేసినంత మాత్రాన ఏమీ కాదు. టెర్మినల్ పేరు తెలిసిన విద్యార్థి దాన్ని ఇంకో దారిలో తెరుచుకుంటాడు.

ఇక నాలుగో అంశం. నేను ఇదంతా రాయడానికి కారణం ఇదే.

సందేశంలో ఇచ్చిన ఆదేశం చేసే పని ఇది: యూఎస్ఆర్ కింద షేర్‌లో ఉన్న అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి రూట్ అధికారంతో వెళ్లి, పేరులో షెల్ అన్న మాట ఉన్న ప్రతి డెస్క్‌టాప్ ఫైలునూ, ఇంగ్లీషు పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ అన్న తేడా చూడకుండా, అడగకుండా తుడిచేస్తుంది. రాసినవారు దీన్ని తమ యంత్రంలో నడిపి చూశారా అన్నది నా మొదటి అనుమానం. ఎందుకంటే ఏ ఫైలు మీద వారికి ఇంత కోపమో ఆ ఫైలు పేరు ఫిష్ డాట్ డెస్క్‌టాప్. అందులో షెల్ అన్న మాట లేదు. ఆదేశం దాన్ని ముట్టుకోదు. బ్యాష్‌కు డెబియన్‌లో ఇప్పుడు డెస్క్‌టాప్ ఫైలే లేదు కాబట్టి అక్కడ తుడవడానికీ ఏమీ లేదు. మరి ఆ ఆదేశానికి చిక్కేవి ఏమిటి? గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవారి యంత్రంలో ఆర్గ్ డాట్ గ్నోమ్ డాట్ షెల్ డాట్ డెస్క్‌టాప్ చిక్కుతుంది. దానితో పాటు, పబ్లిక్ వైఫైకి కనెక్ట్ అయినప్పుడు లాగిన్ పేజీ చూపించే పోర్టల్ హెల్పర్ ఫైలు పేరు కూడా ఆర్గ్ డాట్ గ్నోమ్ డాట్ షెల్ అన్న మాటలతోనే మొదలవుతుంది కాబట్టి అదీ పోతుంది. ఇవి కమాండ్ లైన్ షెల్‌లు కావు. మన తెర మీద పై పట్టీని, విండోలను, మెనూను చూపిస్తున్న డెస్క్‌టాప్ తాలూకు ఫైళ్లు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు అన్న సామెత కూడా ఇక్కడ సరిపోదు, ఎందుకంటే ఇక్కడ ఎలుకకు వెంట్రుక కూడా కాలలేదు.

దీని ఫలితం వెంటనే కనబడదు, అదే దీనిలోని అసలు ప్రమాదం. నడుస్తున్న సెషన్ అలాగే నడుస్తుంటుంది కాబట్టి ఆదేశం ఇచ్చినవారు అంతా సవ్యంగానే జరిగిందనుకుని సందేశాన్ని మరో గ్రూపుకు పంపుతారు. గ్నోమ్ సెషన్ తనకు తప్పనిసరి అని లెక్కపెట్టుకునే భాగాల్లో చాలా ఏళ్ల పాటు మొదటి పేరు ఈ గ్నోమ్ షెల్‌దే. అలాంటి వెర్షన్లలో ఆ ఫైలు దొరకకపోతే మరుసటి లాగిన్‌లో డెస్క్‌టాప్‌కు బదులు ఏదో తేడా జరిగిందని చెప్పే తెల్ల తెర ఎదురు కావచ్చు. అప్పుడు చేయవలసిన పని, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్లి, తుడిచిపోయిన ఫైలు ఏ ప్యాకేజీదో డీపీకేజీ అనే డెబియన్ ప్యాకేజీ పరికరాన్ని అడిగి, ఆ ప్యాకేజీని ఆప్ట్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. అంటే షెల్‌ను వదిలించుకోవాలని బయలుదేరినవారికి చివరికి షెల్ తప్ప ఇంకేమీ మిగలదు. సందేశం రాసినవారు ఈ భాగాన్ని ఆరో అంశంగా చేర్చి ఉంటే బాగుండేది.

పోనీ, ఆదేశాన్ని సరిచేసి ఫిష్ ఫైలునే సరిగ్గా తుడిచారనుకుందాం. అప్పుడూ ఆ పని నిలవదు. ఈటీసీలో ఉండే కాన్ఫిగరేషన్ ఫైలును మనం తుడిచేస్తే డీపీకేజీ ఆ నిర్ణయాన్ని గౌరవిస్తుంది, అప్‌గ్రేడ్‌లో దాన్ని తిరిగి పెట్టదు. యూఎస్ఆర్‌లో ఉండేవి ప్యాకేజీ సొత్తు. అక్కడ మనం తుడిచిన ఫైలు తర్వాతి వెర్షన్‌తో పాటు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఈలోగా డీపీకేజీ వెరిఫై నడిపితే ఆ ఫైలు లోపించిందని ఫిర్యాదు చేస్తుంది. మెనూలో ఒక పేరు నచ్చనివారికి రూట్ అధికారం అవసరమే లేని మార్గం ఉంది: హోమ్ డైరెక్టరీలో డాట్ లోకల్ కింద షేర్‌లో అప్లికేషన్స్ ఫోల్డర్ తెరిచి, అదే పేరుతో ఒక ఫైలు పెట్టి, డెస్క్‌టాప్ ఎంట్రీ అన్న శీర్షిక లైను కింద హిడెన్ అనే కీకి ట్రూ అని రాస్తే చాలు. ఒకే పేరున్న ఫైళ్లు రెండుచోట్ల ఉంటే హోమ్‌లోనిదే చెల్లుతుంది, హిడెన్ ఉన్న ఎంట్రీని మెనూ అసలు లేనట్టే లెక్కిస్తుంది. ఫైలు రకాలను తెరిచే అప్లికేషన్ల విషయంలో హిడెన్‌కు బదులు నోడిస్‌ప్లే వాడాలి, లేకపోతే ఆ ఫైలు రకాలకు ఆ అప్లికేషన్ పేరే కనబడకుండా పోతుంది. షెల్‌కు అలాంటి బంధాలు లేవు కాబట్టి ఏదైనా ఫరవాలేదు. నచ్చనివారికి పోతుంది, అదే యంత్రం వాడే మిగతావారికి ఉంటుంది, అప్‌గ్రేడ్ వచ్చినా చెక్కుచెదరదు. ఇన్ని సౌకర్యాలున్న రెండు లైన్ల ఫైలును వదిలిపెట్టి సూడో ఎందుకు పట్టుకోవాలో నాకు బోధపడలేదు.

అయిదో అంశం దగ్గర మాత్రం నేను ఆగవలసి వచ్చింది. అందులోని ఫిర్యాదు నిజం. షెల్ ఎంట్రీలో టెర్మినల్ అనే కీకి ట్రూ అని రాస్తారు, అంటే "నన్ను ఏదైనా టెర్మినల్‌లో తెరువు" అని అర్థం. కానీ ఏ టెర్మినల్ అన్నది ప్రమాణం చెప్పలేదు. గ్నోమ్ వెనకున్న జీలిబ్ లైబ్రరీలో చాలా కాలం కొన్ని టెర్మినల్‌ల పేర్లు నేరుగా కోడ్‌లోనే రాసి ఉండేవి. వాటిలో ఏదీ లేకుండా అలక్రిటీయో ఫుట్టో వాడుకునేవారు ఫిష్ బొమ్మ మీద ఎంత నొక్కినా ఏమీ జరిగేది కాదు. తర్వాతి కాలంలో ఎక్స్‌డీజీ టెర్మినల్ ఎగ్జెక్ అనే చిన్న ప్రోగ్రాం కోసం జీలిబ్ ముందుగా వెతకడం మొదలుపెట్టింది. కేడీఈ అనే మరో డెస్క్‌టాప్‌కు ఈ విషయంలో మొదటినుంచీ సొంత సెట్టింగ్ ఉంది. సగం డెస్క్‌టాప్‌లు అనడం అతిశయోక్తే గాని, కొత్తగా వచ్చినవారు బొమ్మ నొక్కి ఏమీ రాక నిరుత్సాహపడిన సందర్భాలు కల్పన కాదు.

దానికి మందు ఎక్స్‌టర్మ్ అనడం మాత్రం ఒప్పుకోలేను. ఎగ్జెక్ లైనులో దాన్ని పేరు పెట్టి పిలిస్తే షెల్ ప్యాకేజీ ఎక్స్‌టర్మ్ మీద ఆధారపడాలి, అంటే తెరే లేని సర్వర్‌లో ఫిష్ వేసుకున్నవారికి కూడా ఎక్స్ లైబ్రరీలు దిగుమతి అవుతాయి. డిపెండెన్సీ రాయకుండా వదిలేస్తే ఎక్స్‌టర్మ్ లేని యంత్రాల్లో మళ్లీ అదే మౌనం. ఎక్స్‌టర్మ్‌లో మన తెలుగు ఫైలు పేర్లు ఒత్తులూ గుణింతాలూ విడివడి ఎలా కనబడతాయో చూసినవారు దాన్ని అందరి మీదా రుద్దమని అడగరు. డెబియన్ కుటుంబంలో ఎక్స్ టెర్మినల్ ఎమ్యులేటర్ అనే ప్రత్యామ్నాయ పేరు ఉంది గాని, అదే డెస్క్‌టాప్ ఫైలు ఫెడోరా, ఆర్చ్ వంటి ఇతర పంపిణీలకు కూడా వెళ్లాలి కాబట్టి మూల ప్రాజెక్టు దాన్ని రాయలేదు.

షెల్ ఎంట్రీలన్నీ ఉండాలని కూడా నేను వాదించడం లేదు. పాత డెబియన్ మెనూలో డ్యాష్‌కు ఎంట్రీ ఉండేది, అది పోయినందుకు నేను కన్నీరు కార్చలేదు. 2011లో వచ్చిన స్క్వీజ్ అనే డెబియన్ వెర్షన్ నుంచి డ్యాష్ ప్రతి డెబియన్ యంత్రంలోనూ స్క్రిప్టులు నడపడానికి ఉంటోంది. మనిషి కూర్చుని టైపు చేసుకోవడానికి డెబియన్ దాన్ని సిద్ధం చేయలేదు, పై బాణం నొక్కితే పాత ఆదేశం రావడానికి బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. దానికి మెనూలో చోటెందుకు? ఫిష్ సంగతి వేరు. లాగిన్ షెల్‌ను మార్చుకోకుండా ఒకసారి చూద్దామనుకునేవారు దాన్ని ఇన్‌స్టాల్ చేస్తారు, వారు మెనూలోనే వెతుకుతారు. ఏ షెల్‌కు ఎంట్రీ ఉండాలో ఆయా ప్యాకేజీ నిర్వాహకులు ఒక్కొక్కదాన్నీ చూసి తేల్చవలసిన విషయం. ఇప్పటికే ఆదేశం నడిపేసినవారు మాత్రం లాగౌట్ అవ్వకముందే, తెరిచి ఉన్న టెర్మినల్‌లోనే, గ్నోమ్ షెల్ ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోండి.