అబద్ధానికి 25 వాట్లు, నిజానికి ఒక్క వాటు

మా పడవ చుక్కాని పక్కన బిగించుకుని కూర్చుని, పడవకూ పడవకూ మధ్య మాటలు మోసే వీహెచ్‌ఎఫ్ రేడియో గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరి యాంటెన్నా నిటారుగాను, తమరి గొంతు ఎప్పటిలాగే గరగరగాను ఉన్నాయని తలుస్తాను. గత శనివారం న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా సరస్సు మీద జరిగిన లేక్ ట్రౌట్ చేపల వేట పోటీలో తెల్లవారుజాము నుంచి మిట్టమధ్యాహ్నం దాకా మా గాలాలను 110 అడుగుల లోతున వేలాడదీయించిన తమరి ఔదార్యానికి కృతజ్ఞతలు చెప్పుకుందామని ఈ లేఖ రాస్తున్నాను. సూర్యుడు పూర్తిగా పైకి రాకముందే తమరి 68వ చానల్‌లో ఒక పెద్దమనిషి గొంతు ఎంతో బాధ్యతగా, ఎంతో ఆప్యాయంగా, ‘అంతా చప్పగా ఉంది, ఏమైనా ఉంటే 110లోనే ఉన్నాయి’ అని పలికింది. ఆ మాట విన్న మా బావగారు మైకు అందుకుని, ఆయనకు రెండుసార్లు ధన్యవాదాలు చెప్పి, గాలాన్ని కోరిన లోతుకు దించే డౌన్‌రిగ్గర్ల సీసపు గుండ్లు రెండింటినీ 110కి దించారు. ఆ తర్వాత జరిగినదంతా తమరికి తెలుసు. జరగనిదంతా మాకు తెలుసు.

తమరి మీద నాకు పాత కక్షలేమీ లేవు. పోటీ చేపల వేటలో ఉన్నంత స్నేహం మరెక్కడా ఉండదని, రాచెస్టర్‌లో మేము ఈ వ్యసనంలోకి దిగిన నాటి నుంచి పెద్దలు చెబుతూనే ఉన్నారు. అందులో అబద్ధమూ లేదు. రేవులో పడవ దించేటప్పుడు ట్రైలరు జారితే, ముక్కూమొహం తెలియని నలుగురు పరుగున వచ్చి భుజం ఆనిస్తారు. వల మరిచిపోతే తమ వల ఇస్తారు, బ్యాటరీ చచ్చిపోతే తమ బ్యాటరీ నుంచి తీగలు లాగి ఇస్తారు, సగం శాండ్‌విచ్ తెంపి ఇస్తారు, మోకాలి ఆపరేషన్ వివరాలు అడగకుండానే చెబుతారు, విడాకుల సంగతి సైతం దాచుకోరు. వాళ్లు దాచేదల్లా గాలం ఎంత లోతులో ఉందన్న అంకె ఒక్కటే. మన పిన్నిగార్లు ఆవకాయ అడిగితే జాడీ ఎత్తి చేతిలో పెట్టి, పాళ్లు అడిగితే మాత్రం ‘అంతా కంటి అందాజేనమ్మా’ అని నవ్వేసినట్టు, ఈ సరస్సు మీది అనుభవజ్ఞులు సర్వస్వమూ ధారపోసి ఆ ఒక్క అంకె దగ్గర పిడికిలి బిగిస్తారు. బిగించినా నాకు బాధ లేదు. పిన్నిగార్లు తప్పు పాళ్లు చెప్పరు గదా! తమరి ద్వారా మాట్లాడేవారు మాత్రం అడగకముందే, పిలిచి మరీ, తప్పు అంకె చేతిలో పెడతారు.

ఒక్క అంకె కోసం ఇంత రాద్ధాంతం దేనికని తమరు అనవచ్చు. సెనెకా లోతు 618 అడుగులు. ఇక్కడి పొడవాటి సరస్సుల గుంపైన ఫింగర్ లేక్స్ అన్నింటిలోకీ లోతైనది ఇదే. లేక్ ట్రౌట్‌కు చలి నీళ్లంటే ప్రాణం, పది డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూగా ఉన్న నీటిలోనే అది హాయిగా తిరుగుతుంది. నడివేసవిలో అయితే పైన వెచ్చని పొర, కింద చల్లని పొర స్పష్టంగా విడిపోతాయి కనుక చేప ఎక్కడ ఉండవచ్చో తాడుకు కట్టి దించిన థర్మామీటరైనా చెబుతుంది. వేసవి మొదట్లో ఆ పొరలు ఇంకా కుదురుకోవు. గట్టి గాలి ఒకటి వీస్తే చల్లని నీరు ఒక ఒడ్డున పైకి తన్నుకొస్తుంది, ఎదుటి ఒడ్డున కిందికి అణిగిపోతుంది. నిన్న 50 అడుగుల దగ్గర మేసిన చేప ఇవాళ 150 దగ్గర అడుగు బురదను ఆనుకుని పడి ఉండవచ్చు. అది ఎక్కడుందో తెలియాలంటే ఆ నీటి మీద ముప్పై వేసవులు గడిపి ఉండాలి, లేదా గడిపినవారు నిజం చెప్పాలి. మొదటిది మాకు లేదు కనుకనే రెండోదాని కోసం తమరి ముందు చెవి ఒగ్గి కూర్చున్నాం.

రాచెస్టర్ వాడే అయిన సెత్ గ్రీన్, 1864లో కాలెడోనియాలో చేపపిల్లల ఉత్పత్తి కేంద్రం పెట్టిన మహానుభావుడు, ఆయన పేరిట ఒక గాలపు అమరిక ఈ సరస్సుల మీద నేటికీ నడుస్తోంది. ఒకే లావుపాటి తాడు, దాని కొసన బరువైన సీసపు గుండు, తాడు పొడవునా అక్కడక్కడ వేరుపడే చిన్న దారాలు, ఒక్కో దారానికి చేపను మభ్యపెట్టే లోహపు రేకు, అదే స్పూను, ఒక్కొక్కటి, అన్నీ ఒకేసారి వేర్వేరు లోతుల్లో. ఇంత తలనొప్పి అమరిక దేనికి పుట్టిందా అని ఎన్నాళ్లుగానో ఆలోచిస్తున్నాను. ఆ రోజుల్లో ఆయనకూ ఎవరో 110 అని చెప్పి ఉంటారని నా అనుమానం.

ఆ 110లో మాకు దక్కింది ఒకే ఒక్కటి. చేప కన్నా ముందు దాని బుడగలు తేలాయి. ఆ జాతికి ఉన్న విద్య అది: లోతు నుంచి పైకి లాగుతుంటే గాలితిత్తిలోని గాలిని నోటి వెంట వదిలేసుకుంటుంది. బుడగలు చూసి బావగారు వల పట్టుకుని సిద్ధమయ్యారు. వచ్చిన చేప కొలబద్ద మీద పోటీ నిబంధనకు వేలెడు తక్కువ. పైగా పక్కటెముకల దగ్గర పాములాంటి పరాన్నజీవి లాంప్రే పట్టుకుని నెత్తురు పీల్చి వదిలిన గుండ్రటి మచ్చ, దాని నడుమ ఇంకా మానని ఎర్రటి చుక్క. దానిని నీటిలోకి వదిలేస్తూ బావగారు, ‘పుస్తెలమ్మి పులస తిన్న వంశమండీ మనది’ అని నిట్టూర్చారు. అదే క్షణంలో తమరు మళ్లీ గరగరలాడి, ‘110లోనే ఉండండి, ఓపిక పట్టండి’ అని ఉపదేశించారు.

ఇక తమరి అసలు లీల దగ్గరికి వస్తాను. తమరికి భగవంతుడు రెండు బలాలు ఇచ్చాడు. మీట ఒకవైపు నొక్కితే 25 వాట్లు, సరస్సు మీద దూరదూరపు పడవలకూ వినిపిస్తుంది. మరోవైపు నొక్కితే ఒక్క వాటు, దగ్గరివారికి మాత్రమే చేరుతుంది. శనివారం పొద్దున్న పెద్దమనుషులు 110 గురించి చెప్పిన ప్రతిసారీ అది నిండు 25 వాట్లతో, పక్కనే మాట్లాడినంత స్పష్టంగా వచ్చింది. కాసేపటికి ఒక గొంతు, ‘మన రెండో దాంట్లోకి రా’ అని మరో గొంతును పిలిచేది, ఇద్దరూ మాయమయ్యేవారు. మేము 69, 71, 72 అన్నీ తిప్పి చూశాం. ఒకచోట సగం మాట దొరికింది, ‘...ఆ వెండిదే, కానీ...’ అన్నంత వరకు, ఆపైన గాలి. అబద్ధాన్ని పూర్తి బలంతో ఊరంతా చాటి, నిజాన్ని ఒక్క వాటుతో గుసగుసలాడే యంత్రాన్ని నేను మరొకటి చూడలేదు. మనుషుల్లో చూశాననుకోండి, వాళ్లు గోడకు బిగించుకుని ఉండరు.

ఉత్తరపు కొసన ఉన్న జెనీవా పట్టణం తనను తాను ప్రపంచ లేక్ ట్రౌట్ రాజధానిగా పిలుచుకుంటుంది. జాతీయ లేక్ ట్రౌట్ డెర్బీ 1964లో అక్కడే మొదలైంది. మేము వెళ్లినది అంతటి వైభవం లేని చిన్న క్లబ్బు పోటీ, అయినా ప్రవేశ రుసుముకు మాత్రం వైభవం తక్కువ కాలేదు. తమరిలోనే ఇంకో మూల కాపురముండి వాతావరణం చదివే ఆ యంత్రపు గొంతు ‘అలలు అడుగు లోపే’ అని చెప్పినప్పుడు మా మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఈ సరస్సు ఒడ్డునే డ్రెస్డెన్ అనే ఊరి దగ్గర బార్జి కట్టుకుని, నీటి అడుగున శబ్దంతో వెతికే సోనార్లను దశాబ్దాలుగా పరీక్షిస్తున్న అమెరికా నౌకాదళం కూడా తనకు కింద ఏం కనిపించిందో మాతో ఒక్క ముక్క అనలేదు. వాళ్లను తప్పుపట్టను, వాళ్లు కనీసం 110 అనలేదు.

బరువు విషయంలో ఈ లోకానికి ఎంత పట్టింపో చూడండి. 2022 సెప్టెంబరు 30న క్లీవ్‌లాండ్‌లో, ఈరీ సరస్సు వాలై చేపల పోటీలో, గెలిచిన చేపల పొట్టలు కోస్తే సీసపు గుండ్లు, వేరే చేపల ముక్కలు బయటపడ్డాయి. ఆ ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు, 2023లో పది రోజుల జైలు పడింది, పడవ పోయింది. పెద్ద బహుమతులున్న చోట గెలిచినవారిని కూర్చోబెట్టి అబద్ధాలు పట్టే యంత్రం తగిలించడం కూడా ఉంది. చేప పొట్టలో సీసం దాచితే నేరస్థుడు. పదిమంది పోటీదారుల చెవిలో 110 పోస్తే మాత్రం ‘అబ్బో, ఎంత అనుభవమండీ ఆయనది!’ గ్రేట్ బేర్ సరస్సులో 1995లో పడిన 72 పౌన్ల లేక్ ట్రౌట్ రికార్డు జాబితాలో బరువు ఉంటుంది, చోటు ఉంటుంది, తేదీ ఉంటుంది. లోతుకు మాత్రం గడి ఉండదు. ఈ సౌభ్రాతృత్వం ఎంత పకడ్బందీ వ్యవస్థో అక్కడే తెలుస్తుంది.

మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో దక్షిణపు గాలి ఎత్తుకుంది. ఇంధనపు గొట్టంలో గాలి చొరబడి మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది, పడవ అలలకు అడ్డంగా తిరిగింది. బావగారు వణికే చేత్తో తమరిని ఆపద పిలుపుల కోసం ఉన్న 16వ చానల్‌కు తిప్పి సంగతి చెప్పారు. ఆయన మీట వదిలారో లేదో, ‘కంగారు పడకండి, వస్తున్నాను’ అని జవాబు వచ్చింది. ఆ గొంతును పోల్చుకోవడానికి మాకు క్షణం కూడా పట్టలేదు. పొద్దుటి నుంచి 110 జపం చేస్తున్న మహానుభావుడే.

ఆకుపచ్చ అల్యూమినియం పడవ. డెబ్బై దాటిన మనిషి. గాలాలన్నీ పైకి లాగేసుకుని, పోటీ చివరి గంటను మాకోసం వదులుకుని, అలల మీద ఎగిరిపడుతూ వచ్చారు. చేతికి తాడు అందించబోయే ముందు ఆయన చేసిన మొదటి పని ఏమిటో తమరు అక్కడే ఉన్నారు గనుక వినే ఉంటారు, చూసే భాగ్యం తమరికి లేదు కనుక నేను చెబుతాను. పడవ అంచు లోపలి వైపు, డౌన్‌రిగ్గర్ పక్కన, తెల్ల టేపు ముక్క ఒకటి అంటించి ఉంది. దాని మీద మార్కరుతో ఏవో రాసి ఉన్నాయి. ఆయన మెడలోని తువ్వాలు తీసి, తొందరేమీ లేకుండా, ఆ టేపు మీద పరిచి, రెండు కొసలూ సర్ది, అప్పుడు తాడు విసిరారు. ఆపదలో ఉన్నవాళ్లు ముందా, అంకె ముందా అంటే, ఆయన లెక్కలో అంకె ముందు, ఆ వెంటనే, రెప్పపాటు ఆలస్యం లేకుండా, ఆపదలో ఉన్నవాళ్లు.

తాడు ముడి ఆయనే వేశారు. మేము వేసినది చూసి మాట అనకుండా విప్పి మళ్లీ వేశారు. ఫ్లాస్కులో కాఫీ అందించారు. అది అందుకోవడానికి బావగారు ముందుకు వంగినప్పుడు ఒక అల ఆ పడవను పక్కకు ఒరిగించింది, అవతలి అంచు లోపలి భాగం కనిపించింది. అక్కడా ఒక టేపు ముక్క ఉంది. తువ్వాలు ఒకటే గదా. 46 అని రాసి ఉంది, దాని కింద స్పూను రంగులు, ‘వెండి, పచ్చ’ అని. బావగారు కాఫీ పట్టుకుని నా వైపు తిరిగి, తెలుగులో, ఎంతో శాంతంగా, ‘నలభై ఆరటండీ’ అన్నారు. మోటారు చచ్చిపోయిన పడవలో, తాడుకు వేలాడుతూ, మాకు జ్ఞానోదయమైంది.

మూడు గంటలకు తూకం బల్ల మూసేస్తారు. అలలకు ఎదురు మమ్మల్ని ఈడ్చుకుంటూ ఆయన రేవు చేరేసరికి బల్ల మడిచేశారు. ఆయన పెట్టెలోని చేప మొదటి బహుమతి చేప కన్నా పెద్దదని కళ్లున్న ఎవరైనా చెబుతారు. నియమం నియమమేనన్నారు నిర్వాహకులు. ఆయన తల ఊపి, మా పడవను ట్రైలరు మీదికి ఎక్కించడానికి సాయం పట్టారు. పక్కనున్న కుర్రవాడు ఒకడు ఆ చేపను చూసి నోరు తెరిచి, ఎక్కడ పట్టారు తాతగారూ అన్న అర్థంలో అడిగాడు. పోటీ అయిపోయింది. బహుమతి పోయింది. దాచడానికి ఇక ఏమీ మిగలలేదు. ఆయన కుర్రవాడి భుజం మీద చేయి వేసి, ప్రేమగా, ‘110’ అన్నారు.

ఏం మనుషులయ్యా వీళ్లు! గెలుపును నీళ్లలో వదిలేసుకుని పరాయివాళ్లను ఒడ్డుకు చేర్చే మనిషికి, ఒక పిల్లవాడికి ఒక్క అంకె చెప్పడానికి నోరు రాదా? ఇదంతా నీ వల్లే, రేడియో! పొద్దుట లేస్తే అబద్ధం పలికించి పలికించి, మూడయ్యాక కూడా నాలుక వెనక్కి తిరగకుండా చేశావు. 25 వాట్ల గొంతు ఇచ్చావు, సిగ్గు మాత్రం ఒక్క వాటు కూడా ఇవ్వలేదు. నిన్ను ఊడబీకి సెనెకాలో విసిరేద్దామని ఇంటికి వచ్చే దారంతా అనుకున్నాను, 618 అడుగుల చోట చూసి మరీ.

మన్నించాలి, మాట జారింది. తమరిని ఊడబీకే ఉద్దేశం మాకు లేదు. తమరు పడవలో వెలుగుతున్నంతసేపు 16వ చానల్ వింటూ ఉండాలన్నది చట్టం, శనివారం తర్వాత మాకు చట్టం కన్నా గట్టి కారణం కూడా ఉంది. కాబట్టి వచ్చే పోటీకి తమరు యథాస్థానంలోనే వేంచేసి ఉంటారు. ఇంధనపు గొట్టం మార్పించాం. ఆకుపచ్చ పడవ పెద్దాయనకు కాఫీ ఫ్లాస్కు కడిగి తిరిగి పంపుతున్నాం, దానితోపాటు బావగారు ఏరి కొన్న మంచి మందపాటి తువ్వాలు ఒకటి. రెండో టేపుకు.

ఇట్లు,
తమరి 68వ చానల్ శ్రోత