సీ విటమిన్ గోలీ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ గోలీ గారికి,

నల్లగొండ నుంచి నమస్కరించి రాసేది ఏమనగా, ఉభయకుశలోపరి. మీ కుశలం అడగనక్కర్లేదు. గడియారం సెంటర్ చుట్టుపక్కల ఏ మెడికల్ షాపు గల్లా మీద చూసినా చాక్లెట్ల సీసా పక్కనే మీ కొలువు. మొన్న ఒక షాపాయన చిల్లరకు బదులు మీ అట్టలోంచి ఒక గోలీ కత్తిరించి నా చేతిలో పెట్టాడు. "చిల్లర లేదన్నా, ఇది సప్పరించు, ఏం గాదు" అన్నాడు. రిజర్వు బ్యాంకుకు తెలుసో లేదో గానీ, మా ఊళ్లో మీరు నాణెం కూడా అయ్యారు.

ఆ "ఏం గాదు" అన్న మాట మీదే ఈ ఉత్తరం.

కరోనా రోజుల్లో మా ఇళ్లలోకి వచ్చారు. అది తగ్గింది, మీరు మాత్రం తిష్ఠ వేశారు. సర్ది చేస్తే మీరు, చేయకూడదని మీరు, మొహం మెరవాలని మీరు. తుమ్ములు మొదలయ్యాక మిమ్మల్ని మింగితే ఒరిగేదేమీ లేదని పరీక్షలు ఎప్పుడో తేల్చాయి. రోజూ వేసుకునే పెద్దవాళ్లకు మాత్రం వారం ఉండే సర్ది ఓ పూట ముందు వదులుతుందట. ఆ పూట కోసం ఏడాది పొడుగునా గోలీలు! రెండు నోబెళ్ల అమెరికా శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ అంతటివాడే 1970లో మీ తరఫున పుస్తకం రాశాక, మా వీధి వాట్సాప్ గ్రూపును అని ఏం లాభం లెండి.

లెక్క చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది మగవాళ్లకు రోజుకు 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 65. మీరు ఒక్కో గోలీలో 500 మోసుకొస్తారు. ఆరు రోజుల రేషను ఒక్క పూటకే. మోతాదు పెరిగేకొద్దీ పేగులు పీల్చుకునేది తగ్గుతుంది, ఒక గ్రాము దాటితే సగం కూడా ఒంటబట్టదు. ఒంటబట్టినదాంట్లో మిగులంతా మూత్రంలో పోతుంది. మా ఊరి మోరీలకు ఈపాటికి రోగనిరోధక శక్తి బ్రహ్మాండంగా పెరిగి ఉండాలి.

పెద్దవాళ్లకు రోజుకు 2000 మిల్లీగ్రాములు హద్దని అమెరికా వాళ్లు గీత గీశారు. దాటితే కడుపునొప్పి, విరేచనాలు. అదైనా నయమే, మనిషికి తెలిసొస్తుంది. నా భయమంతా కిడ్నీల గురించి. మీలో కొంత భాగం ఒంట్లో ఆక్సలేట్‌గా మారుతుంది. అది కాల్షియంతో జతకడితే రాయి. 2013లో స్వీడన్ మగవాళ్ల మీద వచ్చిన ఒక పరిశీలనలో, మిమ్మల్ని వాడేవాళ్లలో రాళ్లు దాదాపు రెట్టింపుగా కనిపించాయి. అది చలిదేశం. ఇక్కడ మే నెలలో మిర్యాలగూడ బస్సు దిగేసరికి ఒంట్లో నీళ్లన్నీ చొక్కాకే అంటుకుంటాయి. మా పెద్దనాయనకు ఒకసారి రాయి తీశారు. అయినా ఆయన పొద్దున మిమ్మల్ని చప్పరిస్తాడు, రాత్రి రాయి కరిగే మందు తాగుతాడు. "అదేందే పెద్దనాయన?" అంటే "అది బలానికిరా, ఇది రాయికి" అంటాడు. రెండు డబ్బాలూ ఒకే గూట్లో, పక్కపక్కనే.

ఒంట్లో ఇనుము పేరుకునే జబ్బున్నవాళ్లు, తలసేమియాకు రక్తం ఎక్కించుకునేవాళ్లు, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మీ పెద్ద మోతాదుల జోలికి పోకూడదు. మోతాదు బాగా ఎక్కువైతే కొన్ని గ్లూకోమీటర్లు షుగరును తప్పు చూపిస్తాయి కూడా. చిల్లర కింద చేతిలో పడ్డ ఒంటరి గోలీ మీద ఇవన్నీ ఎక్కడ రాసుంటాయి?

ఇక మీ సంత్రా వేషం. ఆ రంగు, ఆ వాసన చూసి పిల్లలు తోటలోంచి వచ్చారనుకుంటారు. ఫ్యాక్టరీలో మీరు పుట్టేది గ్లూకోజ్‌లోంచి. తప్పేం లేదు, పండులో ఉన్నదీ మీలో ఉన్నదీ ఒకటే పదార్థం. కానీ ఇది బత్తాయి జిల్లా. ఒక పక్క రైతు ధర కోసం దళారితో కొట్లాడుతుంటే, ఆయన కొడుకు బైకు మీద కూర్చుని మీ అట్ట చింపుతున్నాడు. వంద గ్రాముల బత్తాయిలో 50 మిల్లీగ్రాముల దాకా మీరే ఉన్నారు, జామలో 200 దాకా. ఉసిరిని అసలు తూకానికే పెట్టడం లేదు, మీ పరువు పోతుంది. హంగేరీలో సెంట్ గ్యోర్గీ అనే శాస్త్రవేత్త మిమ్మల్ని కుప్పలుగా తీసింది మిరపకాయల్లోంచే, 1937లో ఆయనకు నోబెల్ వచ్చింది. జొన్నరొట్టెకు పచ్చిమిరపకాయ నంజుకునే మాకు ఎక్కిళ్లు వచ్చాయి. పాలమూరు మేకలైతే మిమ్మల్ని తమ కాలేయంలోనే తయారుచేసుకుంటాయి. అవి మెడికల్ షాపు ముందు నిలబడేది అట్టపెట్టెల కోసమే.

మీరు అసలే వద్దనడం లేదు. చిగుళ్లు నెత్తురు కారే స్కర్వీకి మీరే మందు. పళ్లూ కూరలూ సహించని ముసలివాళ్లకు డాక్టరు రాస్తే దయచేయండి. రక్తం తక్కువై ఇనుము గోలీలు మింగే ఆడవాళ్లకు మీరు తోడుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. ఆ తోడు నిమ్మకాయ బద్ద కూడా చేస్తుందనుకోండి. వచ్చేటప్పుడు మాత్రం చీటీ పట్టుకుని రండి, చిల్లరగా రావద్దు.

ఇట్లు,
బత్తాయి జిల్లావాసి

తా.క.: మా పక్కింటి పిల్లగాడు మీ డబ్బా బడికి పట్టుకుపోయి దోస్తులకు పంచాడు. సాయంత్రానికి అందరి నాలుకలూ పసుప్పచ్చగా, ఇద్దరికి కడుపులో గడబిడ. వాళ్లమ్మతో చెప్పి మిమ్మల్ని పిల్లల చేతికందని పై అరలోకి ఎక్కించాం. ఎండా తేమా తగలని చోట ఉంచమని మీ డబ్బా మీదే రాసుంది కాబట్టి, మీకూ అభ్యంతరం ఉండదనుకుంటాను.